ప్రవాసమున ధర్మజీవనము



మానవుడు ఊరు విడిచి పోవునప్పుడు వెంట తీసికొని పోగలిగినది మిక్కిలి స్వల్పము. ఇల్లు రాదు, పొలము రాదు, పుట్టిన ఊరి గుడి రాదు, తాతముత్తాతల సమాధులు రావు. కట్టుబట్టలు, చేతి పని, నోటి మాట, హృదయమందలి దైవము మాత్రమే వెంట వచ్చును. ఇట్టి స్థితిలో ధర్మము నిలుచునా నశించునా యను ప్రశ్న నేటిది కాదు. పూర్వులు దీనికి భయపడిరి. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో చేర్చినది. నల్లనీరు దాటినవాడు కులమునుండి వెలి యగునను నమ్మకము చిరకాలము ప్రజలలో నిలిచియుండెను. ధర్మము నేలను అంటుకొని యుండునదే యైనచో ఆ భయము న్యాయమే. నేల పోయినచో ధర్మమును పోవలసినదే.

బసవాది శరణులు ఈ విషయమును వేరొక విధమున చూచిరి. స్థావరము, జంగమము అను రెండింటిని వారు వేరుపఱచి చూపిరి. కట్టబడి ఒకచోట నిలిచినది స్థావరము. ప్రాణముతో చరించునది జంగమము. భక్తుని దేహమే ఆలయమైనప్పుడు, ఇష్టలింగము అతని వక్షఃస్థలమున ఉన్నప్పుడు, అతడు ఎచ్చట నడచిన అచ్చటనే శివక్షేత్రము. ఈ సిద్ధాంతము పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున వెలువడినది. అది సత్యమా కాదా యని లోకము పరీక్షించిన స్థలములు మాత్రము మారిషస్ చెఱకు తోటలు, ట్రినిడాడు సముద్రతీరము, కెనడా కలప మిల్లులు, తూర్పు ఆఫ్రికా రైలుమార్గములు. పరీక్షకు నిలిచినవారు హిందువులు, సిక్కులు.

నేడు కొడుకో కూతురో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇండ్లు వీరశైవ సమాజమున అనేకము. గల్ఫు దేశములకు కూలికి పోయినవారి ఇండ్లును కలవు. ఆ ఇండ్లలో పెద్దలు పైకి అనకపోయినను మనస్సులో అడుగు ప్రశ్న ఒక్కటే. బిడ్డలకు లింగధారణము నిలుచునా? మనుమలకు పంచాక్షరి నోట పలుకునా? ఈ ప్రశ్నకు ఊహతో సమాధానము చెప్పుటకంటె, ముందు పోయినవారి రెండువందల యేండ్ల అనుభవమును విచారించి చూచుట మేలు.

ఓడలలో పోయిన దైవము

ఆంగ్ల సామ్రాజ్యమున బానిసత్వము రద్దయిన పిమ్మట చెఱకు తోటల యజమానులకు పనివారు కావలసి వచ్చిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాసు అను ఓడ భారతీయ కూలీలతో మారిషస్ చేరినది. 1838లో గయానాకు, 1845లో ట్రినిడాడునకు, 1860లో నేటాలునకు, 1873లో సురినాముకు, 1879లో ఫిజీకి ఓడలు పోయినవి. మారిషస్ ద్వీపమునకే దాదాపు ఐదు లక్షలమంది చేరిరి. నేటాలునకు లక్షా యాభైవేలకు పైగా, ఫిజీకి అరువదివేలకు పైగా పోయిరి. 1860 నవంబరు 16న నేటాలులో దిగిన మొదటి ఓడ ట్రూరో. అది మద్రాసునుండియే బయలుదేరినది. తెలుగు జిల్లాలవారును ఆ దేశమునకు విశేషముగా పోయిరి. బర్మాకు పోయిన తెలుగువారిని కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరున కోరంగీలని పిలిచెడివారు.

ఐదేండ్ల ఒప్పందముపై వ్రేలిముద్ర వేసి పోయినవారు గనుక ఆ ఒప్పందమును వారు గిర్మిటు అనిరి, తమ్ము గిర్మిటియాలు అని చెప్పుకొనిరి. ఓడలో అందఱికి ఒకే వంట, ఒకే నీరు, ఒకే అటక. వారముల తరబడి సాగిన ఆ ప్రయాణములో ఎవరి పంక్తి వారికి వేఱుగా ఉండుట సాధ్యము కాలేదు. రేవు దిగునప్పటికి వారిలో ఒక కొత్త బంధుత్వము పుట్టినది. ఒకే ఓడలో వచ్చినవారు జహాజీ భాయీలు, అనగా ఓడ సోదరులు. ఈ బంధుత్వమును రక్తబంధమువలె పాటించి, ఓడ సోదరుల బిడ్డల నడుమ పెండ్లి సంబంధములు సహితము కూడదనుకొన్నవారు కలరు. శాస్త్రముల వాదము చేయలేని పనిని ఆకలియు సముద్రమును చేసినవి.

ఆ కూలీలకు గుడి లేదు, పూజారి లేడు, పంచాంగము లేదు. ఉన్నది జ్ఞాపకము. రాత్రి పని ముగిసిన తరువాత ఉత్తరాది వారు తులసీదాసు రామాయణమును చదువుకొనిరి. మారిషస్ తెలుగువారు రామభజన చేసిరి, అమ్మోరు పండుగ చేసికొనిరి. మాటలాడు భాష తరము తరమునకు సన్నగిల్లి క్రియోలు భాష ఇంటిలోనికి వచ్చినను, భజనలోని తెలుగు నిలిచినది. 1947లో మారిషస్ ఆంధ్ర మహాసభ ఏర్పడినది. అంతకు ముందే 1931లో దక్షిణాఫ్రికా తెలుగువారు తమ ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. ఉగాది నేడు మారిషస్ దేశమున ప్రభుత్వ సెలవుదినము. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఆ ద్వీపముననే జరిగినవి.

శివభక్తులు ప్రత్యేకముగా తెలిసికొనవలసినది గంగా తలావు వృత్తాంతము. మారిషస్ కొండల నడుమ చల్లారిన అగ్నిపర్వత బిలములో ఒక సరస్సు కలదు. దానికి అప్పటి పేరు గ్రాండ్ బసెన్. ఉత్తరమున త్రియోలే అను గ్రామమున ఝమ్మన్ గిరి యను పూజారి ఆ సరస్సు మహత్తును గూర్చి చెప్పగా, 1898లో మహాశివరాత్రికి కొందఱు కాలినడకన అచ్చటికి పోయి ఆ నీరు తెచ్చి శివలింగమునకు అభిషేకము చేసిరి. అప్పటినుండి ఆ నడక ఆగలేదు. 1972లో గంగోత్రినుండి తెచ్చిన గంగాజలమును ఆ సరస్సులో కలిపిరి. అది గంగా తలావు అయినది. నేడు శివరాత్రి దినములలో కావళ్లు భుజమున పెట్టుకొని లక్షలమంది ఆ దారిని నడచుచున్నారు. వారు ఏ పురాణమునను లేని సరస్సును పాదములతో నడచి తీర్థముగా చేసికొనిరి. క్షేత్రము భక్తుని చేయుట యెంత నిజమో, భక్తుడు క్షేత్రమును చేయుటయు అంతే నిజము.

సముద్రములో కట్టిన గుడి

ట్రినిడాడు ద్వీపమున శివదాస్ సాధు అను చెఱకు తోట కూలి ఉండెను. బాల్యముననే భారతదేశమునుండి తల్లిదండ్రులతో వచ్చినవాడు. సముద్రతీరమున వాటర్లూ అను చోట 1947లో తన సొంత శ్రమతో చిన్న గుడి కట్టెను. ఆ నేల చక్కెర కంపెనీది. గుడి తీసివేయుమని ఆజ్ఞ వచ్చినది. అతడు అంగీకరింపలేదు. 1952లో అతనిని చెఱసాలకు పంపి, జరిమానా విధించి, గుడిని నేలమట్టము చేసిరి.

విడుదలయైన పిమ్మట శివదాసు ఎవరిని నిందింపలేదు, ఎవరిని ప్రార్థింపలేదు. నేల కంపెనీది యైనచో సముద్రము ఎవరిది అని విచారించెను. పగలు కూలిపని, మిగిలిన వేళ సైకిలుమీద రాళ్లు, ఇసుక, సిమెంటు మోసికొని పోయి, పోటు తగ్గినప్పుడు నీటిలో దిగి, నూనె పీపాలలో కాంక్రీటు నింపి పునాది వేసెను. దాదాపు ఇరువదియైదేండ్లు ఆ పని సాగినది. జనులు అతనిని పిచ్చివాడని నవ్విరి. అలలు కొట్టినది కొట్టినట్లే పోవుచుండెను, అతడు మరల కట్టుచుండెను. పూర్తి కాకమునుపే అతడు లింగైక్యమును పొందెనని శరణుల భాషలో చెప్పవచ్చును. భారతీయులు ఆ ద్వీపమునకు వచ్చి 150 సంవత్సరములు నిండిన 1995లో ఆ గుడి ప్రభుత్వ సాయమున పునర్నిర్మితమైనది. ఒకనాడు చెఱసాలలో పెట్టిన దేశమే తరువాత అతని పనికి నమస్కరించినది.

ఇందు గుడికంటె గొప్పది అతని కాయకము. బసవేశ్వరుడు కాయకమును కైలాసముతో సమానముగా నిలిపెను. ధనికుడు ద్రవ్యముతో కట్టు గుడిని రాజు కూల్చగలడు. చెమటతో కట్టిన దానిని కూల్చినను, కట్టు చేయి మిగిలియుండును. ఆ చేయియే నిజమైన ఆలయము.

పరదేశమున ధర్మమునకు వచ్చిన సంకటము గుడి విషయముననే కాదు, గృహ విషయమునను వచ్చినది. 1913 మార్చి 14న దక్షిణాఫ్రికాలో ఒక న్యాయమూర్తి క్రైస్తవ పద్ధతిని జరుగని వివాహములు చెల్లవని తీర్పు చెప్పెను. ఒక్క మాటతో వేలాది గృహిణులు భార్యలు కానివారైరి, వారి బిడ్డలు వారసత్వము లేనివారైరి. అంతవరకు ఇంటిలో ఉన్న స్త్రీలు సత్యాగ్రహమునకు వీధిలోనికి వచ్చిరి. కస్తూర్బా గాంధీ చెఱసాలకు పోయెను. వల్లియమ్మ యను పదునారేండ్ల తమిళ బాలిక చెఱనుండి జ్వరముతో వచ్చి 1914 ఫిబ్రవరిలో మరణించెను. ఆ సంవత్సరముననే కొత్త చట్టము వచ్చి ఆ వివాహములను గుర్తించినది. పరదేశమున ధర్మమును కాపాడినవారిలో స్త్రీలు ముందు నిలిచిన మాట మఱువరానిది. అనుభవ మంటపమున స్త్రీకి సమాన పీఠమిచ్చిన సంప్రదాయమునకు ఇందులో ఆశ్చర్యము లేదు.

సంగతు, లంగరు

సిక్కుల చరిత్రము ఈ విచారమున మఱింత ఉపకరించును. గురు నానక్ దేవుడు (1469-1539) బోధించిన మూడు నియమములు ప్రసిద్ధములు. కష్టపడి న్యాయముగా సంపాదించుట, నామమును జపించుట, ఉన్నది పంచుకొని తినుట. కాయకము, లింగపూజ, దాసోహము అని శరణులు చెప్పినదానికి ఇవి ఎంత దగ్గఱగా ఉన్నవో వేఱుగా చెప్ప నక్కఱలేదు. కాలములు వేఱు, దేశములు వేఱు, శ్రమజీవుల హృదయము ఒకటి. 1708లో గోదావరీ తీరమున నాందేడులో గురు గోవింద సింహుడు తన తరువాత గ్రంథమే గురువని ప్రకటించెను. ఆ నాటినుండి గురువు ఒక ఊరికి కట్టుబడలేదు. గ్రంథము ఉన్నచోట గురువు, పదిమంది కూడినచోట సంగతు, పొయ్యి వెలిగినచోట లంగరు.

ఇరువదవ శతాబ్దారంభమున పంజాబునుండి సిక్కులు కెనడా పశ్చిమ తీరమునకు పోయి కలప మిల్లులలో పనిచేసిరి. 1906లో వారు ఖాల్సా దివాన్ సొసైటీని స్థాపించిరి. 1908 జనవరిలో వాంకూవరు నగరమున గురుద్వారము తెఱచిరి. అబ్బట్స్‌ఫర్డ్ అను చోట 1911లో కట్టిన గురుద్వారమునకు కావలసిన కలపను మిల్లునుండి కొండ మీదికి సిక్కు కూలీలు తమ వీపులపై మోసిరి. 2002లో కెనడా ప్రభుత్వము ఆ కట్టడమును జాతీయ చారిత్రక స్థలముగా గుర్తించినది. 1912లో అమెరికాలోని స్టాక్టన్ పట్టణమున ఆ దేశమునందలి మొదటి గురుద్వారము వెలసినది. పొలములలో పనికి వచ్చిన భారతీయులు, హిందువులు గాని ముస్లిములు గాని సిక్కులు గాని, ఆకలితో వచ్చినవారందఱు అచ్చట అన్నము తినిరి. దేశస్వాతంత్ర్యమునకై 1913లో లేచిన గదర్ ఉద్యమమునకు అది ఒక ఆశ్రయము.

1914 మే 23న కోమగట మారు అను ఓడ 376 మంది ప్రయాణికులతో వాంకూవరు రేవును చేరినది. అందు 340 మంది సిక్కులు, 24 మంది ముస్లిములు, 12 మంది హిందువులు. స్వదేశమునుండి ఎచ్చటను ఆగక నేరుగా వచ్చినవారినే దిగనిత్తుమని 1908లో చేసిన నిబంధన సాకుగా, అంతకు ముందే అచ్చట నివాసమున్న కొలదిమందిని తప్ప తక్కినవారిని దిగనీయలేదు. రెండు నెలలు వారు నీటిమీద నిలిచిరి. తీరమునందలి సంగతు చందాలు కూడబెట్టి ఓడ బాడుగ చెల్లించినది, న్యాయస్థానమునకు పోయినది, అన్నపానీయములకై పోరాడినది. ఫలితము లేక జూలై 23న ఓడ వెనుదిరిగినది. సెప్టెంబరులో కలకత్తా చెంత బజ్‌బజ్ రేవున జరిగిన కాల్పులలో సుమారు ఇరువదిమంది మరణించిరి. 102 సంవత్సరముల పిమ్మట, 2016 మే 18న, కెనడా ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. ఆ ఓడ తిరిగిపోవుట సంగతునకు అపజయమే. కాని పరాయి నేలపై కడుపు కట్టుకొని కూడబెట్టిన కూలిడబ్బును ముఖపరిచయము లేనివారికై ఇచ్చిన ఆ దాసోహము వ్యర్థము కాలేదు. నేటికిని ఆ సమాజము తన్ను తాను గుర్తించుకొనుట ఆ దినములతోనే.

తూర్పు ఆఫ్రికాలో 1896 మొదలు ఆంగ్లేయులు వేసిన రైలుమార్గమున ముప్పదివేలకు పైగా భారతీయ కూలీలు పనిచేసిరి. దాదాపు రెండువేల ఐదువందలమంది అచ్చటనే ప్రాణములు విడిచిరి. ఆ మార్గముననే కెన్యాలోని మకిండు అను చోట రైలు ఉద్యోగులైన సిక్కులు 1926లో గురుద్వారము కట్టిరి. మొంబాసా నైరోబీల నడుమ పోవు బాటసారికి నేటికిని అచ్చట ఉచితముగా భోజనము, వసతి లభించును. అతని మతమును గాని వర్ణమును గాని అడుగువారు లేరు.

దేహముపై ధరించిన ధర్మము

సిక్కులకు వచ్చిన మఱియొక పరీక్ష వీరశైవులు చెవియొగ్గి వినదగినది. ధర్మచిహ్నమును దేహముపై ధరించువానికి పరదేశమున సంకటము తప్పదు. బ్రిటనులోని వుల్వర్‌హాంప్టన్ నగరమున బస్సు ఉద్యోగులు తలపాగా, గడ్డము ఉంచుకొనరాదను నిబంధనపై 1967లో వివాదము మొదలై, 1969లో నిబంధన తొలగుటతో ముగిసినది. 1976లో అచ్చటి పార్లమెంటు తలపాగా ధరించిన సిక్కులకు మోటారు సైకిలు శిరస్త్రాణమునుండి మినహాయింపు నిచ్చినది. తలపాగా విడువనిదే పాఠశాలలో చేర్చుకొనమన్న వ్యవహారమున 1983లో అచ్చటి అత్యున్నత న్యాయస్థానము బాలుని పక్షమున తీర్పు చెప్పినది. 1990లో కెనడా జాతీయ పోలీసు దళమున తలపాగాకు అనుమతి లభించినది. 2006లో కెనడా సుప్రీంకోర్టు, ఒఱలో ఉంచి వస్త్రముల క్రింద భద్రముగా కుట్టిన కృపాణమును విద్యార్థి ధరింపవచ్చునని నిర్ణయించినది.

ఈ విజయములు ధనముచేత వచ్చినవి కావు. బస్సు నడుపువారు, బడిపిల్లలు, కానిస్టేబులు ఉద్యోగమునకు వచ్చిన యువకులు సాధించినవి. తలపాగాను దాచుట సాధ్యము కాదు, గనుక వారు దానిని వివరింపవలసి వచ్చినది. వివరించుటకై మొదట తాము నేర్చుకొనవలసి వచ్చినది. ఇష్టలింగమును వస్త్రముల క్రింద దాచుట సులభము. సులభమైనందుననే ప్రమాదము. దాచినదానిని గూర్చి ఎవరును అడుగరు, అడుగనందున చెప్ప నక్కఱ కలుగదు, చెప్ప నక్కఱ లేనిదానిని ధరించినవాడే క్రమముగా మఱచును. ఒకనాడు అది స్నానపు గదిలో కొక్కెమునకు వ్రేలాడును, మఱియొకనాడు పెట్టెలో చేరును. లింగము దేహమును విడుచుట పెద్ద సంకల్పముతో జరుగదు. ఇట్టి చిన్న మఱపులతో జరుగును.

అష్టావరణములను ఈ దృష్టితో విచారింపవలెను. లింగము, విభూతి, రుద్రాక్ష, మంత్రము అను నాలుగింటిని ఒంటరివాడును వెంట కొనిపోగలడు. ఏ దేశపు అధికారియు వానిని ఆపడు. గురువు, జంగమము, పాదోదకము, ప్రసాదము అను నాలుగు మాత్రము ఒంటరివానికి లభింపవు. వానికి మఱియొక మానవుడు కావలెను. కనుక ప్రవాసి తన గదిలో లింగపూజ చేసికొని ధర్మము నిలుపుకొంటినని తృప్తి పడినచో సగమే నిలుపుకొన్నవాడగును. రెండవ సగమునకు సంఘము కావలెను. సిక్కులు పదిమంది చేరగానే గురుద్వారమును, గురుద్వారముతోపాటు వంటశాలను ఏర్పఱచుటలోని రహస్యము ఇదియే.

కొత్త కాలపు దేవాలయములు

1965లో అమెరికా తన ప్రవాస చట్టమును మార్చిన తరువాత వైద్యులు, ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు అచ్చటికి పోసాగిరి. 1977లో పిట్స్‌బర్గులో వేంకటేశ్వరాలయము, అదే సంవత్సరము జూలై 4న న్యూయార్కులోని ఫ్లషింగున గణేశాలయము ప్రతిష్ఠితములైనవి. కాలిఫోర్నియాలోని లివర్‌మోరులో శివుని, విష్ణుని ఒకే ఆవరణమున నిలిపిరి. స్వదేశమున వేఱువేఱు వీధులలో ఉండువారు పరదేశమున ఒకే కప్పు క్రింద కూడిరి. ఇది మేలే.

1972 ఆగస్టులో ఉగాండా పాలకుడు ఆసియావారందఱు తొంబది దినములలో దేశము విడువవలెనని ఆజ్ఞాపించెను. సుమారు ఇరువదియెనిమిదివేలమంది బ్రిటను చేరిరి. మా నగరమునకు రావలదని లెస్టర్ నగరపాలకులు ఉగాండా పత్రికలో ప్రకటన వేసిరి. అయినను వారు వచ్చిరి, అంగడులు పెట్టిరి, గుడులు కట్టిరి. నేడు భారతదేశము వెలుపల జరుగు మిక్కిలి పెద్ద దీపావళి ఉత్సవములలో ఒకటి ఆ లెస్టరు వీధులలోనే జరుగును.

వీరశైవులును దూరదేశములలో సమాజములుగా కూడుచున్నారు. 2015 నవంబరు 14న లండనులో థేమ్సు నది ఒడ్డున బసవేశ్వరుని విగ్రహము ఆవిష్కృతమైనది. పార్లమెంటు భవనమునకు ఆవలి గట్టున అనుభవ మంటప స్థాపకుడు నిలుచుట సముచితమే. కాని విగ్రహము స్థావరము. దాని చెంత నిలిచి, ఈయన ఎవరని ప్రశ్నించిన బిడ్డకు సమాధానము చెప్పగల తండ్రి జంగమము. ఆ తండ్రికి సమాధానము తెలియనిచో కంచు విగ్రహము ఏమియు చెప్పదు.

దాటింపరానిది

సముద్రము దాటించి తీసికొనిపోదగినది ధర్మము. తీసికొనిపోరానిది కులగర్వము. ఓడలో అణగిన ఆ భేదము విమానములో మరల లేచి కూర్చున్నదని చెప్పుటకు విచారింపవలసియున్నది. సర్వసమత్వమును బోధించిన గురువుల పేరున వెలసిన గురుద్వారములలోను బ్రిటనున కొన్ని కులముల వారీగా చీలినవి. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరము కులవివక్షను నిషేధించుచు శాసనము చేసినది. ఆ దేశమున అట్లు చేసిన మొదటి నగరము అదియే. నగరము దానిని అవమానమని భావించువారు కలరు, రక్షణమని భావించువారును కలరు. బసవేశ్వరుని అనుయాయులకు మాత్రము ఈ విషయమున సందేహమునకు చోటు లేదు.

ఏలయనగా శరణులు ప్రవాసులగుటకు కారణమే ఈ భేదము. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికి, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెకు కల్యాణమున వివాహము జరిగినది. బిజ్జలుని ఆజ్ఞచే తండ్రులిరువురు ప్రాణములు కోల్పోయిరి. కల్యాణము అల్లకల్లోలమైనది. శరణులు దిక్కులకు చెదరిరి. చెన్నబసవేశ్వరుని వెంట కొందఱు వచనముల తాళపత్రములను మోసికొని ఉళివి అడవులకు చేరిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఇల్లు విడిచిరి, పదవులు విడిచిరి, వచనములను విడువలేదు. వీరశైవుల మొదటి ప్రవాసము అదియే. ఆ ధర్మము తెలుగునాటికి వచ్చి పాల్కురికి సోమనాథుని ద్విపదలో బసవపురాణమైనది. 1369లో భీమకవి చేత అది కన్నడమున వెలసి మరల పుట్టినింటికి పోయినది. ఊరు దాటుట ఈ ధర్మమునకు నష్టము కాలేదు, విస్తారమైనది. కులము పేరున వెళ్లగొట్టబడినవారి వారసులు పరదేశమున కులము వెదకినచో ఆ తాళపత్రములు మోసిన భుజములకు ద్రోహము చేసినవారగుదురు.

కర్తవ్యము

ప్రవాసమున ఉన్న కుటుంబములు చేయవలసినది అసాధ్యమైనది కాదు. దినమునకు ఒకమారు ఇంటిల్లిపాది కూర్చుండి లింగపూజ చేయుట, బిడ్డ అడిగిన ప్రశ్నకు కసరక సమాధానము చెప్పుట, వారమునకు ఒక వచనమును అర్థముతో నేర్పుట, ఇంట తెలుగు మాటలాడుట. నాలుగు కుటుంబములున్నచోట నెలకు ఒకమారు కూడి, ఆ కూటమిలో కులము మాట ఎత్తక, పొరుగున ఉన్న పరదేశీయుని గూడ పంక్తికి పిలుచుట. భాష తరగినను భావము నిలుచునని మారిషస్ చెప్పుచున్నది. భావము తెలియక భాష మాత్రము నిలిచినచో అది చిలుకపలుకగును.

మఠములకును ఒక బాధ్యత కలదు. పరదేశమున పెరిగిన బాలుడు ఆచారమును పెద్దలమాట యని అంగీకరింపడు, ఎందుకని అడుగును. అట్లడుగుట అవిధేయత కాదు. అనుభవ మంటపమున శరణులు అడిగినదియు అదే ప్రశ్న. దానికి ప్రేమతో, ఓర్పుతో సమాధానము చెప్పగల బోధకులను సిద్ధపఱచుట నేటి గురుధర్మము.

ఇక స్వదేశమున ఉన్నవారు ఇది తమకు సంబంధింపని విషయమని తలపరాదు. పాలమూరు కూలీలు తరతరములుగా దేశమంతట ఆనకట్టలు కట్టిరి. ఒడిశానుండి వచ్చిన కుటుంబములు తెలంగాణలోని ఇటుక బట్టీలలో బిడ్డలతోసహా శ్రమించుచున్నవి. 2020లో దేశమంతయు మూతపడినప్పుడు వేలాది కూలీలు నెత్తిన మూటలతో రహదారులవెంట నడచి పోయిరి. ఆ దినములలో అనేక గురుద్వారములు పొయ్యి ఆర్పలేదు. కొడుకు పరదేశమున ఒకరి ఆదరమునకై ఎదురుచూచుచుండగా, ఇంటి ముందు నిలిచిన పరాయి ఊరి కూలిని తల్లిదండ్రులు పొమ్మనుట ధర్మమగునా? అతడును ఎవరో తల్లి కన్నబిడ్డయే. అతడును నడచుచున్న జంగమమే. అతనికి పెట్టిన పిడికెడు అన్నము, దూరముననున్న బిడ్డకు పెట్టిన అన్నమే యని భావించి దాసోహము సాగించిన ఇంట ధర్మము ఎచ్చటికి పోయినను వెంట వచ్చును.